సంతకం నుంచి ఓటీపీ దాకా - పోయిన సొమ్ము ఎవరిది?

2023 ఆగస్టు 13, ఆదివారం. అధిక శ్రావణం కాబట్టి పెళ్ళిళ్ళ గోల లేదు. హైదరాబాదు నుంచి వీకెండుకి బెజవాడ ఇంటికొచ్చి హాయిగా పడుకున్నా. పొద్దున్న ఏడింటికి లేచి ఫోను చూస్తే అర్ధరాత్రి రెండు దాటాక మూడు ఎస్సెమ్మెస్‌లు వచ్చి ఉన్నాయి. ఒక్కోటి 13,860 రూపాయలు, అన్నీ నా డెబిట్ కార్డు మీదే. వెరసి 41,580. ఓటీపీ రాలేదు, నేనేమీ కొనలేదు.

ఎలా జరిగిందో కనుక్కోవడానికి నాకు పది నిమిషాలు పట్టలేదు. సర్వర్ అద్దె కట్టడానికి ఒక విదేశీ ఆన్‌లైన్ పేమెంట్ ఖాతాలో ఎప్పుడో కార్డు నంబరు పెట్టి మర్చిపోయాను. ఆ ఖాతా పాస్‌వర్డు, కాలేజీ రోజుల్లో ఒక ప్రోగ్రామింగ్ సైటులో వాడిన పాస్‌వర్డు ఒకటే. చివర ఒక "1" తగిలించా, అంతే తేడా. ఆ సైటు డేటా ఎప్పుడో లీకైంది. ఆఫీసులో ప్రతి ఏడాదీ సెక్యూరిటీ క్విజ్‌లో నాకు నూటికి నూరు వస్తాయి. నవ్వుకోండి, పర్లేదు :)

మరి ఓటీపీ ఎందుకు అడగలేదు? ఇది మన ఐటీ జనాల్లో కూడా చాలామందికి తెలీదు. ఆన్‌లైన్లో కార్డు వాడేటప్పుడు కార్డు మీద కనపడని ఇంకో రహస్యం కూడా అడగాలని రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరిలో ఆదేశించింది, ఆ ఆగస్టు 1 నుంచి అమలైంది. కానీ ఆ మాట చెల్లేది మన దేశపు వ్యాపారుల దగ్గరే. అమెరికాలో కూర్చున్న దుకాణం మన ఓటీపీ కోసం ఆగదు. అందుకే 2020లో ఇంకో అడ్డుకట్ట వేశారు, కొత్త కార్డులకి విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం ముందే తెరిచి ఇవ్వకూడదని, కావాల్సినవాళ్ళే స్విచ్ వేసుకోవాలని. ఆ స్విచ్ వేసింది నేనే, తీయనిదీ నేనే.

ముందు యాప్‌లో కార్డు ఆపేశాను. తర్వాత 1930కి చేశాను. (2021లో ఈ సేవ మొదలైనప్పుడు నంబరు 155260, తర్వాత 1930 అయింది.) అవతలి అమ్మాయి ఓపిగ్గానే రాసుకుంది కానీ అసలు విషయం కూడా చెప్పింది. దొంగ డబ్బు మన దేశంలో ఇంకో ఖాతాలో పడి ఉంటే, వెంటనే ఫోన్ చేస్తే ఆ ఖాతాని అక్కడికక్కడే బిగించగలరు. నాది అప్పటికే సముద్రం దాటింది, బిగించడానికి ఖాతా లేదు. నాకు మిగిలిన దారి బ్యాంకు ద్వారా "డిస్ప్యూట్" వెయ్యడమే. కస్టమర్ కేర్‌లో అబ్బాయి మూడుసార్లు ఒకటే పాట పాడాడు: "ఓటీపీ లేకుండా జరగదు సార్, మీరే ఎవరికో చెప్పుంటారు."

ఆ మాటకి ఒళ్ళు మండింది. డబ్బు పోయినందుకంటే దానికే ఎక్కువ మండింది.

సాయంత్రానికి పెదనాన్న బందరు నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఒక బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నా గోడంతా విని ఒకటే ప్రశ్న వేశాడు.

"ఏరా, నీ సంతకం లేకుండా నీ డబ్బు ఇచ్చిందెవరు?"

"సంతకాలేంటి పెదనాన్నా, ఇప్పుడన్నీ పాస్‌వర్డులే కదా."

"అదే అడుగుతున్నా. మా రోజుల్లో చెక్కు మీద సంతకం కార్డు మీద సంతకంతో పోలకుండా నేను డబ్బిచ్చేస్తే, ఆ తప్పు నాది. ఖాతాదారుడిది కాదు. ఇప్పుడు నీదెలా అయింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం తర్వాత నాలుగు నెలలు దొరికిందల్లా చదివాను. ఈ రాత అంతా దాని ఫలితమే.

పెదనాన్న ఊరి నుంచే మొదలెడతా. 17వ శతాబ్దంలో బందరు రేవంటే గోలకొండ రాజ్యానికి సముద్రం వైపు వాకిలి. ఇంగ్లీషు కంపెనీ 1611లో అక్కడ దిగింది, డచ్చివాళ్ళు అంతకు కొద్దిగా ముందే దిగారు. వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో బందరులోనే ఓడ దిగి గోలకొండ వెళ్ళాడు. ఆ కాలంలో ఇంత సొమ్ము బళ్ళ మీద వేసుకుని దారిదోపిడీల మధ్య తిరగడం ఎవరికి కుదురుతుంది? అందుకే హుండీలు. ఇక్కడ షావుకారుకి డబ్బు కట్టి కాగితం తీసుకుంటే, అక్కడ అతని మనిషి డబ్బిస్తాడు. మనం ఫోన్లో చేసేది ఇదే పని, కాస్త వేగంగా. గుళ్ళో హుండీకీ దీనికీ చుట్టరికం ఏంటో నన్నడక్కండి.

నన్ను కట్టిపడేసింది హుండీల్లో రకాలు. చూడగానే చెల్లించాల్సింది దర్శనీ హుండీ. సరుకు క్షేమంగా చేరితేనే చెల్లేది జోఖమీ హుండీ, దారిలో సరుకు పోతే డబ్బిచ్చినవాడికే నష్టం. బట్టా రేట్లు అంతంత ఉండడానికి ఆ ప్రమాదం కూడా కారణమని టావెర్నియే రాశాడు. అంటే దొంగతనం ఖర్చు ముందే లెక్కేసి ధరలో కలిపేశారన్నమాట. ఇక షాజోగ్ హుండీ. దీన్ని ఎవరు పడితే వాళ్ళు తెస్తే డబ్బివ్వరు, బజార్లో పేరున్న ఒక "షా" చేతి మీదుగా రావాలి. తర్వాత ఆ హుండీ దొంగిలించిందనో దొంగ కాగితమనో తేలితే, డబ్బు తీసుకున్న ఆ షా అసలుకి వడ్డీ కలిపి వెనక్కి కట్టాలి, లేదా దొంగని తెచ్చి అప్పగించాలి. హుండీ పోతే పేఠ్ అని రెండో ప్రతి ఇచ్చేవారు, అదీ పోతే పర్‌పేఠ్.

ఇది చదివినప్పుడు కుర్చీలోంచి లేచాను. కార్డు డిస్ప్యూట్ అని మనం పిలిచే యంత్రాంగం అచ్చం ఇలాగే ఉంటుంది. దుకాణానికి కార్డు యంత్రం ఇచ్చిన బ్యాంకు ఈనాటి షా. నాది కాని లావాదేవీ అని తేలితే ఆ బ్యాంకు నుంచి వెనక్కి లాగుతారు, అది తన దుకాణదారుడి దగ్గర వసూలు చేసుకుంటుంది. సూత్రం చాలా తేలికైనది. దొంగని గుర్తుపట్టే అవకాశం ఎవరికి ఎక్కువుందో బరువు వాడి మీదే. డబ్బు పోగొట్టుకున్నవాడు ఎక్కడో దూరాన ఉన్నాడు, దొంగ మొహం చూసినవాడు షా.

తర్వాత మనియార్డర్లు వచ్చాయి, 1880లో తపాలా శాఖ మొదలెట్టింది. డెల్టా పల్లెల్లో బ్యాంకు మొహం చూడనివాళ్ళకి కూడా పోస్టుమాను తెలుసు. వేలిముద్ర వేయించుకుని, సాక్షి సంతకం పెట్టించుకుని డబ్బు చేతిలో పెట్టేవాడు. ఎంత ముచ్చటగా చెప్పుకున్నా 1898 నాటి పోస్టాఫీసు చట్టం మాత్రం సర్కారు వైపే ఉండేది. పంపినవాడు పేరో చిరునామానో తప్పుగా రాస్తే, డబ్బు వేరేవాళ్ళకి పోయినా దావా వెయ్యడానికి ఉండేది కాదు. యూపీఐలో తప్పు నంబరుకి పంపినవాళ్ళకి ఈ బాధ కొత్తేమీ కాదు.

అసలు కథ చెక్కులతో. బందరులో డాక్టరుగా ప్రాక్టీసు చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో అక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1929లో అదే ఊళ్ళో భారత లక్ష్మీ బ్యాంకు వచ్చి, 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి పేరే లేకుండా పోయింది. (బందరువాళ్ళ దగ్గర ఈ విషయం ఎత్తకండి, ఓ గంట పడుతుంది.) డెల్టాలో వడ్లమ్మిన సొమ్ము ట్రంకు పెట్టెలోంచి బ్యాంకులోకి రావడానికి కారణం ఒక నమ్మకం: నా సంతకం లేకుండా నా డబ్బు కదలదు అని.

ఆ నమ్మకం వెనక చట్టముంది. చెక్కు మీద సంతకం ఫోర్జరీ అయితే, అది అసలు చెక్కే కాదు. డబ్బివ్వమని ఖాతాదారు ఆజ్ఞే లేనట్టు. ఇచ్చిన బ్యాంకు తన డబ్బు ఇచ్చుకున్నట్టే. దీని మీద 1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి ఉంది, కెనరా బ్యాంకుకీ కెనరా సేల్స్ కార్పొరేషన్‌కీ మధ్య. కంపెనీ అకౌంట్సు చూసే ఉద్యోగే 42 చెక్కుల మీద సంతకాలు ఫోర్జరీ చేసి మూడు లక్షల 26 వేల చిల్లర లాగేశాడు. బ్యాంకు వాదన ఏంటంటే, ఏళ్ళ తరబడి స్టేట్‌మెంట్లు మీకందుతున్నాయి, చూసుకోకపోవడం మీ నిర్లక్ష్యం కదా అని. కోర్టు ఒప్పుకోలేదు. ఖాతాదారుడు ఏమరుపాటుగా ఉన్నంత మాత్రాన దొంగ సంతకం అసలు సంతకం అయిపోదు, బ్యాంకు కట్టాల్సిందేనంది. పెదనాన్న అడిగింది సరిగ్గా ఇదే.

సంతకానికీ పాస్‌వర్డుకీ తేడా ఇక్కడే ఉంది. సంతకం పోల్చి చూసేది బ్యాంకు మనిషి కన్ను. అది మోసపోతే మోసపోయింది బ్యాంకే. పాస్‌వర్డు విషయంలో బ్యాంకు ఎవర్నీ చూడదు. రహస్యం ఎవరి దగ్గరుంటే వాడే నువ్వు. దొంగ టైపు చేసిన పాస్‌వర్డు ఫోర్జరీ కాదు, అక్షరం పొల్లుపోకుండా అసలైనదే! మనం కోడులో "ట్రూ" అని రిటర్న్ చేసే ఆ ఒక్క లైను వందేళ్ళ చెక్కు చట్టాన్ని తలకిందులు చేసింది. నిరూపించుకోవాల్సిన భారం కౌంటరు అవతలి నుంచి ఇవతలికి జారింది. ఎవరూ చట్టం చెయ్యలేదు, ఎవరూ ఓటు వెయ్యలేదు.

ఈ జారడం ముందుగా బయటపడింది ఏటీఎంల దగ్గర. అమెరికా 1978లోనే చట్టం చేసుకుంది. కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే ఖాతాదారు నష్టం 50 డాలర్లకి మించదు. అంతేకాదు, కార్డు మీదే పిన్ రాసుకున్న బుద్ధిహీనుడికైనా ఆ నిర్లక్ష్యం పేరుతో అంతకు మించి వడ్డించకూడదు. ఇంగ్లండులో ఇంకోలా జరిగింది. మా సిస్టమ్ తప్పు చెయ్యదు, తప్పు మీదేనన్నారు బ్యాంకులవాళ్ళు. తన ఖాతాలోంచి డబ్బు పోయిందని ఫిర్యాదు చేసిన ఒక కానిస్టేబుల్‌నే మోసగాడని కేసు పెడితే 1994లో శిక్ష పడింది. 1996లో అప్పీలులో గానీ బయటపడలేదు. ఆ రోజుల్లో ఈ గొడవలన్నీ తవ్వి రాసినవాడు కేంబ్రిడ్జి ప్రొఫెసర్ రాస్ ఆండర్సన్ (2024లో పోయారు). ఆయన గమనించింది వినండి. నష్టం తామే భరించాల్సిన అమెరికా బ్యాంకుల కంటే, ఖాతాదారు నెత్తిన రుద్దగలిగిన ఇంగ్లండు బ్యాంకులే సెక్యూరిటీ మీద ఎక్కువ ఖర్చు పెట్టాయి, మోసాలూ వాటికే ఎక్కువ. ఎందుకంటే ఎలాగూ ఖాతాదారుడిదే తప్పు అనుకున్న ఉద్యోగులు బద్ధకించారు. మన ప్రొడక్షన్ సపోర్టులో "యూజర్ ఎర్రర్" అని టిక్కెట్టు మూసేసే అలవాటు గుర్తొచ్చిందా? నాకైతే వచ్చింది.

మన దేశానికొస్తే, ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది, దేశంలో మొదటివాటిలో ఒకటి. అప్పట్లో కార్డుని కార్బన్ కాగితం మీద రుద్ది, సంతకం పెట్టించుకునేవారు, కాబట్టి పాత న్యాయమే నడిచింది. ఇంటర్నెట్ బ్యాంకింగ్ వచ్చాకే చిక్కు. 2007లో, గల్ఫ్‌లో పనిచేసే ఒక తమిళాయన ఐసీఐసీఐ బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ మెయిలుకి వివరాలిచ్చేశాడు. ఆరు లక్షల పైన పోయాయి. నీ తప్పే అంది బ్యాంకు. ఆయన ఊరుకోకుండా ఐటీ చట్టం కింద తమిళనాడు ఐటీ కార్యదర్శి ముందు కేసు వేశాడు. 2010 ఏప్రిల్లో 12.85 లక్షలు కట్టమని బ్యాంకుకి ఆదేశమొచ్చింది. ఇలా ప్రతి రాష్ట్రంలో ఐటీ కార్యదర్శికి తీర్పరి అధికారం ఉందని నాకు ఇది చదివేదాకా తెలీదు. ఐటీలో ఉండి ఐటీ చట్టం చదవనివాళ్ళం మనం.

చివరికి రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. నాకు అక్కరకొచ్చింది అదే. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో ఇంకెక్కడో లోపం వల్ల డబ్బు పోతే, సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవాడికి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా ఖాతాలో వెయ్యాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకుది. ఈ చివరి వాక్యం చదివి, ఫోన్లో పెదనాన్నకి వినిపించాను. "అంతే కదా మరి," అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు.

కానీ అందులోనే ఒక ముల్లుంది. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, ఉదాహరణకి రహస్య వివరాలు ఇంకొకరికి చెప్పడం వల్ల నష్టమైతే, బ్యాంకుకి తెలియజేసేదాకా ఆ నష్టం అతనిదే. మరి ఒకే పాస్‌వర్డు రెండుచోట్ల వాడడం "చెప్పడం" కిందకి వస్తుందా? నా 41,580 ఆ ఒక్క మాట మీద వేలాడాయి.

సోమవారం, 14న, బ్రాంచిలో కాగితం మీద రాసిచ్చి ముద్ర వేయించుకున్నాను. మర్నాడు స్వాతంత్ర్య దినం, సెలవు. పది పనిదినాలూ అయిపోయాయి, డబ్బు పడలేదు. సర్క్యులర్ ప్రింటు పట్టుకుని మళ్ళీ వెళ్తే మేనేజరు గారు శ్రద్ధగా చదివారు, ఆయన దాన్ని చూడడం అదే మొదటిసారనిపించింది. రెండ్రోజుల్లో డబ్బు పడింది. సెప్టెంబరు చివర్లో దాన్ని వెనక్కి తీసేసుకున్నారు. "వ్యాపారి ప్రకారం లావాదేవీ సక్రమం, వినియోగదారు నిర్లక్ష్యం" అని ఒక్క లైను.

అక్టోబరులో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాశాను. (2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పథకం, ఒకే వెబ్‌సైటు, రుసుము లేదు.) ఆ ఉత్తరం రాయడానికి వారం పట్టింది, ఇంత కాలంలో ఏ డిజైన్ డాక్యుమెంటుకీ అంత కష్టపడలేదు. పాస్‌వర్డు మళ్ళీ వాడానని దాచలేదు. దాచమని స్నేహితులు చెప్పారు, పెదనాన్న మాత్రం "ఉన్నదున్నట్టు రాయి, లేకపోతే తర్వాత నువ్వు చెప్పేది ఏదీ నమ్మరు" అన్నాడు. నేను అడిగినవి రెండే. మొదటిది, బ్యాంకుకి సంబంధించిన రహస్యం, అంటే పిన్ గానీ ఓటీపీ గానీ, నేనెవరికీ ఇవ్వలేదు. పోయిన పాస్‌వర్డు వేరే సంస్థది, దాన్ని లీకు చేసింది ఇంకో సంస్థ. రెండోది, నిర్లక్ష్యం నాదని నిరూపించే కాగితం ఏదైనా బ్యాంకు దగ్గరుంటే చూపించమనండి.

నేను అలా ఎదురుచూస్తున్న రోజుల్లో హైదరాబాదు మహేశ్ బ్యాంకు కేసు మళ్ళీ చదివాను. 2022 జనవరిలో ఆ సహకార బ్యాంకు సర్వర్లలోకే చొరబడి 12.48 కోట్లు ఊడ్చేశారు. ముందు నాలుగు ఖాతాల్లోకి, అక్కణ్ణుంచి వందకు పైగా ఖాతాల్లోకి, ఆ పైన వందలాది ఖాతాల్లోకి, చివరికి దేశమంతా ఉన్న ఏటీఎంల్లోంచి నగదు రూపంలో. పోలీసులు చెప్పిన ప్రకారం మొదలు ఎక్కడంటే, 2021 నవంబరులో ఉద్యోగులకొచ్చిన దొంగ మెయిళ్ళ దగ్గర. ఇద్దరు ఆ మెయిలు నొక్కారు. సెక్యూరిటీ ఏర్పాట్లు సరిగ్గా లేనందుకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. నేను గమనించింది వేరే. అక్కడ మెయిలు నొక్కింది బ్యాంకు ఉద్యోగులు, అందుకని దాని పేరు "సైబర్ దాడి". అదే మెయిలు మనం నొక్కితే దాని పేరు "వినియోగదారు నిర్లక్ష్యం".

డిసెంబరు రెండో వారంలో బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. "సద్భావంతో" మొత్తం జమచేస్తున్నాం, ఫిర్యాదు పరిష్కారమైనట్టు ఒప్పుకుంటారా అన్నారు. నా ప్రశ్నకి, పాస్‌వర్డు మళ్ళీ వాడడం నిర్లక్ష్యమా కాదా అన్నదానికి, జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పట్టుబట్టి తీర్పు కోసం ఆగుదామా అని ఒక రాత్రంతా అనుకున్నాను. ఆ తీర్పుంటే ఇంకెవరికైనా పనికొచ్చేది. కానీ అప్పటికే అలిసిపోయాను, ఒప్పేసుకున్నాను. అది ఇప్పటికీ కాస్త గుచ్చుతూనే ఉంటుంది.

సంక్రాంతికి బందరు వెళ్ళినప్పుడు పెదనాన్న ఫోన్లో పాస్‌వర్డులన్నీ మార్చి పెడదామని కూర్చున్నా. యాప్ తెరిచి చూస్తే బ్యాంకు పిన్ ఆయన రిటైరైన సంవత్సరం.

"ఇది మార్చాలి పెదనాన్నా, ఎవడైనా ఊహించేస్తాడు," అన్నాను.

"మారిస్తే నాకు గుర్తుండదురా. సంతకమైతే నా చేతికే గుర్తుంటుంది," అన్నాడు. ఆ రోజు మార్చనివ్వలేదు. ఆ కార్డుకి విదేశీ వాడకం స్విచ్ మాత్రం తీసేసి వచ్చాను.